మెల్‌బోర్న్ దసరా ప్రదర్శనకు బొమ్మలు: హైదరాబాద్ నుంచి ఏం పంపాలి, ఎలా పంపాలి

హైదరాబాద్, కొనుగోళ్లు–ప్యాకింగ్:

అందరికీ నమస్తే. మెల్‌బోర్న్‌లో మన దసరా ప్రదర్శన జరిగే హాల్లో మనకు ఇచ్చే గోడ 14 మీటర్లని ఖాయమైంది కదా, ఇక సరుకు సంగతి తేల్చుకుందాం. అన్నీ ఒకే పెట్టెలో పడేసి పంపేద్దామన్న మాట మొన్న కాల్‌లో వచ్చింది. అది కుదరదు. మూడు కుప్పలు చేయాలి: వెళ్లి తిరిగొచ్చేవి, అక్కడే అమ్మేవి, ఇక్కణ్ణుంచి కదలకుండా తెర మీద మాత్రమే చూపించేవి. మూడింటికీ కాగితాలు వేరు.

తిరిగొచ్చేవి అంటే సభ్యుల ఇళ్ల నుంచి అరువు తెస్తున్న 2 చేర్యాల పటాలు (కథను బొమ్మలుగా వేసిన గుడ్డ చుట్టలు), 3 ఎచింగ్‌లు (లోహపు రేకు మీద గీసి కాగితం మీద అచ్చు వేసిన బొమ్మలు). వీటికి ఏటీఏ కార్నే తీసుకుందాం, అంటే తిరిగి తెచ్చే వస్తువులను సుంకం కట్టకుండా తీసుకెళ్లనిచ్చే కస్టమ్స్ పత్రం. మన దేశంలో ఫిక్కీ అనే వాణిజ్య సంఘం ఇస్తుంది, గడువు ఏడాది. శంషాబాద్‌లో బయల్దేరేటప్పుడు ఒకసారి, అక్కడ దిగినప్పుడు ఒకసారి, మళ్లీ వచ్చేటప్పుడు రెండు చోట్లా ముద్ర పడాలి. నాలుగింట్లో ఒక్కటి తప్పినా వస్తువు తిరిగొచ్చిందని రుజువు ఉండదు, సుంకం మన పూచీ సొమ్ములోంచి పోతుంది. కార్నే మీద వెళ్లినదాన్ని అమ్మడం, కానుకగా ఇవ్వడం రెండూ కుదరవు. ఆ పటం నచ్చిందని ఎవరైనా చెక్కు చేతిలో పెట్టినా మొహమాటపడొద్దు. లేబుల్ మీదే పెద్దగా ‘అమ్మకానికి కాదు’ అని రాద్దాం.

అమ్మేవి మామూలు ఎగుమతిగా, విడి ఇన్‌వాయిస్‌తో వెళ్తాయి. మొత్తం విలువ 1000 ఆస్ట్రేలియన్ డాలర్లు దాటితే అక్కడ దిగుమతి డిక్లరేషన్ వేయాలి, 10 శాతం జీఎస్టీ కట్టాలి. ధరలు వేసేటప్పుడు ఇది కలుపుకోండి.

ఇంకొక్కటి. మా తాతల నాటిదని చెప్పుకునే పటాలు తేవద్దు. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన బొమ్మను మనలాంటివాళ్లం దేశం దాటించలేం. 60 ఏళ్లదే అయినా పాతగా కనిపిస్తే కస్టమ్స్ ఆపుతుంది. అప్పుడు పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ చూపించాలి. మన రెండు పటాలకూ అది ముందే తీసుకుంటే గొడవ ఉండదు.

మెల్‌బోర్న్, హాలు:

అన్నా, చిత్రకారుడు వైకుంఠం గారి ఒరిజినల్ ఒక్కటైనా తెద్దామని కమిటీలో గట్టిగా అడుగుతున్నారు. ఒక సభ్యుడి దగ్గర ఉందట.

హైదరాబాద్, క్యూరేషన్:

వద్దక్కా. అద్దె హాలు, రాత్రి కాపలా లేదు, పక్కనే వంటగది. బీమా వాళ్లు ముందు అడిగేవే ఈ మూడూ. ఆయన బొమ్మలను, వాటితోపాటు లక్ష్మా గౌడ్ బొమ్మలను తెర మీద చూపిద్దాం, పక్కన మంచి వివరణ పెడదాం. చెప్పడానికి కావలసినంత ఉంది. తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో, లక్ష్మా గౌడ్ 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు. ఇద్దరూ హైదరాబాద్‌లో చదివి బరోడా వెళ్లొచ్చారు. ఇద్దరూ గీసింది పల్లెనే, కానీ ఒకే పల్లె కాదు. వైకుంఠం బొమ్మలో నిండు ఎరుపు, పసుపు, రూపాయి బిళ్లంత బొట్టు. లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లో సన్నటి గీతలు, మేకలు, మనిషినీ చెట్టునూ విడదీయలేని ఒంపు. ఆ రెండు స్లైడ్‌లు పక్కపక్కన పడితే చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

ఫ్లయర్ మీద మాత్రం ఆ బొమ్మలు వాడొద్దు. బొమ్మ కొన్నంత మాత్రాన కాపీరైట్ రాదు, కొన్న సభ్యుడు ఒప్పుకుంటే సరిపోదు. ఉదాహరణకు, చిత్రకారుడు కాపు రాజయ్య గారు 2012లో పోయారు. మన చట్టంలో చిత్రకారుడు పోయాక 60 ఏళ్లు, అంటే 2072 చివరిదాకా హక్కు ఆయన కుటుంబానిదే. అక్కడ అచ్చు వేస్తే అక్కడి లెక్క 70 ఏళ్లు. తెర మీద చూపించేవాటికి కూడా చిత్రకారుణ్ణో కుటుంబాన్నో అడిగి, ఈమెయిల్‌లో ‘సరే’ అనిపించుకుని ఫోల్డర్లో పెట్టండి.

మెల్‌బోర్న్, అలంకరణ:

చేర్యాల మాస్కులు ఓ 20, స్టేజీకి గుస్సాడీ టోపీ ఒకటి పంపగలరా? ఫొటోలకు బాగుంటుంది.

హైదరాబాద్, కొనుగోళ్లు–ప్యాకింగ్:

గుస్సాడీ టోపీ (ఆదిలాబాద్ గోండులు నాట్యంలో పెట్టుకునేది) అంటే నెమలి ఈకలు. నెమలి ఈకలనూ వాటితో చేసిన వస్తువులనూ మన దేశం నుంచి ఎగుమతి చేయడం నిషేధం. ఇక్కడ ఎలాగో దాటినా అక్కడ బయోసెక్యూరిటీ వాళ్ల (బయటి పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా చూసేవాళ్ల) చేతికి చిక్కుతుంది. ఆ ఆలోచన మానేయండి.

మాస్కులు కూడా చిక్కే. అవి రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేసినవి. చిన్నవాటికి లోపల కొబ్బరి చిప్ప. మొక్కల సరుకు కాబట్టి డిక్లేర్ చేయాల్సిందే. లోపల పురుగు తొలిచిన చిల్లి ఒక్కటి కనిపించినా మొత్తం పెట్టె నిలిపేస్తారు, దాంతోపాటు పటాలు కూడా. అందుకే మాస్కులు 6 చాలు, వాటికి విడి పెట్టె. కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి: పొడి రాలుతోందా, సూది మొనంత చిల్లులున్నాయా, రంగు కింద తడి ఉందా. వానాకాలంలో చేసినవి పైకి ఆరినట్టే ఉంటాయి, ప్లాస్టిక్‌లో చుట్టగానే బూజు పడతాయి.

ఆవుపేడ అలికిన గుడ్డ మీద వేసిన వర్లీ బొమ్మలు అసలు వద్దు. కాగితం మీద వేసినవి తీసుకోండి. చెక్క పెట్టెలూ వద్దు. చెక్క వాడితే ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే పురుగు చచ్చేలా కాచిన చెక్క అని చెప్పే అంతర్జాతీయ గుర్తు, కావాలి (చెక్క నడిబొడ్డు 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు కాగాలి). గట్టి అట్టతో అయిపోయే పనికి ఆ ఖర్చు ఎందుకు?

ఇక పటాలు చుట్టడం. ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, కాస్త నిదానంగా చదవండి. చేర్యాల పటం అంటే ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పూసి ఆరబెట్టి, దాని మీద వేసిన బొమ్మ. ఆ పూత బిర్రుగా ఉంటుంది. బట్టల షాపులో ఊరికే ఇచ్చే 2 అంగుళాల గొట్టానికి చుడితే అడ్డంగా పగుళ్లొస్తాయి, బొమ్మ వెనకాలి ఎరుపు మీద తెల్లటి గీతల్లా కనిపిస్తాయి, వాటిని సరిచేయలేం. లోపలి గొట్టం 6 అంగుళాల వ్యాసం ఉండాలి. రంగు వైపు బయటికి ఉండేలా చుట్టాలి. లోపలికి చుడితే పూత నలిగి ముడతలు లేస్తుంది. పొరకూ పొరకూ మధ్య యాసిడ్ లేని గ్లాసిన్ కాగితం. కిరాణా కొట్టు బట్టర్ పేపర్ వాడొద్దు. కట్టడానికి వెడల్పు నూలు నాడా, మూడు చోట్ల, వదులుగా. రబ్బరు బ్యాండు వేడికి కరిగి బొమ్మకు అంటుకుంటుంది.

ఆ గొట్టాన్ని 8 అంగుళాల గొట్టంలో, రెండు చివరలా ఫోమ్ బిళ్లలతో, పటం బయటి గొట్టానికి తగలకుండా నిలబెట్టాలి. పటం వెడల్పు 3 అడుగులు, అంటే 91 సెం.మీ. కాబట్టి బయటి గొట్టం 110 సెం.మీ. పొడవు తీసుకుందాం. 110+20+20 కలిపితే 150. చెక్‌ఇన్ బ్యాగుకు చాలా విమానాల్లో మూడు కొలతల మొత్తం 158 దాటకూడదు, సరిపోతుంది. 12 అడుగుల పటం దీనిలో హాయిగా పడుతుంది. 30 అడుగులది చుడితే లావెక్కి లోపల బిగుసుకుపోతుంది, దాన్ని ఎంచకండి.

చెమట చేతులతో ముట్టుకోవద్దు. సంప్రదాయ రంగులు నీళ్లూ జిగురూ కలిపినవి, వేలిముద్ర దగ్గర లేచిపోతాయి. ఈమధ్య కొందరు అక్రిలిక్ వాడుతున్నారు, ఏ రంగు వాడారో వేసినవారినే అడిగి రాసుకోండి. చేర్యాల వెళ్లి కొంటే ఇవన్నీ అక్కడికక్కడే తెలుస్తాయి. శిల్పారామంలో కొనేటట్లయితే భూతద్దం తీసుకెళ్లండి: చుక్కచుక్కలుగా కనిపిస్తే అది ప్రింటు.

మెల్‌బోర్న్, హాలు:

వేలాడదీయడం మా పని. బతుకమ్మలు గోడకు ఎంత దూరంలో ఉండాలి?

హైదరాబాద్, క్యూరేషన్:

కనీసం 5 మీటర్లు, మధ్యలో తాడు. పసుపు, కుంకుమ చేతులతో ఉన్నవాళ్లు నేరుగా బొమ్మ దగ్గరికే వస్తారు. అగరుబత్తులు, సాంబ్రాణి అవతలి మూలకు. పటం పై అంచును రెండు చెక్క పట్టీల మధ్య బిగించి నైలాన్ తాడుతో వేలాడదీయండి. గుడ్డకు క్లిప్పులు, టేపు వద్దు. చిన్న బొమ్మలకైతే మధ్యభాగం నేల నుంచి 145 సెం.మీ. ఎత్తున ఉంటే సరి. కలంకారీ మీద స్పాట్‌లైట్ పడనీయొద్దు, వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) మించితే కరక్కాయ, మంజిష్ఠ రంగులు క్రమంగా వెలిసిపోతాయి. ఫోన్ యాప్‌తో కొలిస్తే ఉజ్జాయింపుగా తెలుస్తుంది.

లేబుళ్ల గురించి నాది కొంచెం పట్టుదలే అనుకోండి. గ్యాలరీ చిత్రకారుడికి పేరు, ఊరు, ఏడు రాసి, చేర్యాల పటానికి ‘జానపద కళ, తెలంగాణ’ అని వదిలేయడం ఇక సాగదు. గీసిన నకాషీ కళాకారుల (ఈ పటాలు వేసే కుటుంబాలవాళ్ల) పేర్లు అంతే సైజులో ఉండాలి. ఏ కథో, అది ఎవరి కులపురాణమో కూడా రాయాలి: మార్కండేయ పురాణం పద్మశాలీలది, మడేలు పురాణం చాకలివాళ్లది. గోండు బొమ్మల దగ్గర జంగఢ్ సింగ్ శ్యామ్ పేరు తప్పదు. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గోడల మీద ఉన్న బొమ్మను భోపాల్ భారత్ భవన్ ద్వారా కాగితం మీదికి తెచ్చింది ఆయనే, 2001లో పోయారు. ఆయన పర్ధాన్, కథలు పాడే వంశం. మన ఆదిలాబాద్‌లో కిక్రి అనే తీగ వాయిద్యం వాయించే పర్ధాన్‌లూ ఆ కోవవాళ్లే. ఈ ఒక్క వాక్యం తెలుగులో చదివితే మనవాళ్లు ఆ బొమ్మ దగ్గర ఇంకాసేపు ఆగుతారు.

అచ్చుకు వర్డ్ ఫైలు పంపొద్దు. అక్కడి ప్రింట్ షాపులో ఒత్తులు విడిపోతాయి, లక్ష్మా గౌడ్ పేరులోని ‘క్ష్మ’నే ముందు మూడు ముక్కలవుతుంది. అక్షరాలను అవుట్‌లైన్‌గా మార్చిన పీడీఎఫ్ నేనిస్తాను. 15×10 సెం.మీ. అట్ట, 24 పాయింట్లు, వరుసల మధ్య ఎడం ఎక్కువ.

మెల్‌బోర్న్, పిల్లల వర్క్‌షాప్:

30 మంది పిల్లలు, గంటన్నర. మాస్కులు చేయించొచ్చా?

హైదరాబాద్, కొనుగోళ్లు–ప్యాకింగ్:

రంగులు వేయించండి చాలు. పొట్టు పూత ఆరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. వారం ముందే మీరే 35 కొబ్బరి చిప్పలకు పూత వేసి ఉంచండి (5 ఎలాగూ పగులుతాయి). రంపపు పొట్టు అక్కడే దొరుకుతుంది గానీ ట్రీటెడ్ పైన్‌దీ (పురుగు పట్టకుండా మందు ఎక్కించిన చెక్క) ఎమ్‌డీఎఫ్‌దీ (చెక్క పీచును జిగురుతో నొక్కి చేసిన పలక) తేవద్దు. మొదటిదాంట్లో ఆర్సెనిక్ ఉండొచ్చు, రెండోదాంట్లో జిగురు రసాయనాలు. చింతగింజలు ఇక్కణ్ణుంచి పంపం, విత్తనాలు పట్టుకుంటారు. మైదా గంజిలో పీవీఏ జిగురు కలిపి, పొట్టు వేసి చపాతీ పిండిలా పిసకండి. ముక్కు, కనుబొమలు ముందు అతికించి, ఆరాక సుద్ద పూత ఒకటి వేయండి. అది లేకపోతే పోస్టర్ రంగులను పొట్టు పీల్చేస్తుంది, పిల్లలు ఎన్నిసార్లు పూసినా మట్టి రంగే మిగులుతుంది.

గొట్టాలు ఈ ఆదివారం బేగంబజార్‌లో చూస్తున్నాం. అరువిచ్చేవాళ్లు పటాల వెడల్పు అంచు నుంచి అంచుకు, పైనున్న కర్రతో సహా కొలిచి శనివారంలోపు ఇక్కడ పెట్టండి. కర్ర 105 సెం.మీ. దాటితే మన గొట్టంలో పట్టదు.