డ్రాప్సీ వచ్చిన ఒరాండా గోల్డ్‌ఫిష్: ఇంకా మందు వాడాలా, బాధ లేకుండా ప్రాణం తీసెయ్యాలా?

తొట్టి_కాకినాడ అడిగినది:

120 లీటర్ల ట్యాంకులో రెండు ఒరాండాలున్నాయి. పెద్దది తోకతో కలిపి 12 సెంటీమీటర్లు ఉంటుంది. దానికి పొట్ట ఉబ్బి పొలుసులన్నీ పైకి లేచాయి, పైనుంచి చూస్తే అనాసపండు తొక్కలా ఉంది. కళ్లు కూడా బయటికి పొడుచుకొచ్చాయి. అమోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20, వేడి 27 డిగ్రీలు. వేరే టబ్బులోకి మార్చి 20 లీటర్లకు టీస్పూన్ చొప్పున ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) వేశాం. ఒక యాంటీబయాటిక్ కోర్సు కూడా అయిపోయింది. ఇప్పుడు మేత ముట్టడం లేదు, అడుగున పక్కకు ఒరిగి పడుకుంటోంది.

షాపు అతను ఫ్రీజర్లో పెట్టెయ్యమన్నాడు. బంధువొకరు చెరువులో వదిలెయ్యమంటున్నారు. అమ్మేమో ఆయుష్షు తీరేదాకా ముట్టుకోవద్దంటోంది. ఏది సరైనదో, చెయ్యాల్సొస్తే ఎలా చెయ్యాలో తెలిసినవారు చెప్పండి.

మొప్పలు:

ముందు అది ఏ దశలో ఉందో తేల్చుకోండి. డ్రాప్సీ అంటే రోగం పేరు కాదు, లోపల ఏదో చెడిందనడానికి బయటికి కనిపించే గుర్తు. మంచినీటి చేప ఒంట్లోకి మొప్పల గుండా నీళ్లు నిరంతరం దిగుతూనే ఉంటాయి. ఆ నీటిని మూత్రపిండాలు ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యాలి. అవి ఆగిపోతే నీరు పొట్టలో, పొలుసుల కింద, కంటి వెనక చేరుతుంది. అందుకే పొలుసులు లేచేసరికే లోపల చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. మలబద్ధకం వల్లో గుడ్ల వల్లో పొట్ట ఉబ్బితే పొలుసులు ఇలా నిలబడవు. కాబట్టి ఆ ఆశ పెట్టుకోనక్కర్లేదు.

అయినా పొలుసులు ఒక్కటే చూసి నిర్ణయించకండి. పొలుసులు లేచినా మేతకు ఎదురొచ్చే చేపకు ఇంకో వారం ఇవ్వొచ్చు. రోజుకు రెండుసార్లు, ఒకే వేళకు, ఈ నాలుగూ కాగితం మీద రాయండి: మేత తిందా, నిటారుగా నిలబడగలుగుతోందా, మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయి, చెయ్యి దగ్గరకు తెస్తే కదులుతోందా. నాలుగింట్లో మూడు వరుసగా మూడు రోజులు చెడ్డగా ఉండి, మందు కోర్సు కూడా అయిపోయి ఉంటే, ఆ తర్వాత ఆగడం చేపకోసం కాదు, మనకోసమే. మీరు రాసినదాన్ని బట్టి మీ చేప ఆ దశకు దగ్గర్లోనే ఉంది.

అమ్మగారి మాట కొట్టిపారెయ్యకండి, ఆ కాగితం చూపించండి. ఆయుష్షు తీరేదాకా అంటే ఈ జబ్బులో చాలాసార్లు ఒంటి పక్కన పుండ్లు పడి, తేలలేక, రోజుల తరబడి మెల్లగా పోవడమే.

రంగుచేప99:

ఈనో ప్యాకెట్ వేస్తే సరిపోతుంది కదా? గ్యాస్‌తో పది నిమిషాల్లో అయిపోతుందని ఎక్కడో చదివాను.

లవంగం:

వద్దండీ. ఈనోతో వచ్చేది కార్బన్ డయాక్సైడ్. ఒక పొట్లంతో ఎంత గ్యాస్ వస్తుందో, అందులో ఎంత నీటిలో నిలుస్తుందో మన చేతిలో ఉండదు. చేప స్పృహ తప్పేలోపు గిలగిలా కొట్టుకుంటుంది.

ఫ్రీజర్ కూడా తప్పే. గోల్డ్‌ఫిష్ చలినీటి చేప, గడ్డకట్టే చలిలో కూడా చాలాసేపు బతికి ఉంటుంది. అమెరికన్ వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ 2020 మార్గదర్శకాలు మంచునీటి పద్ధతిని జీబ్రాఫిష్ లాంటి 3.8 సెంటీమీటర్లు దాటని చిన్న ఉష్ణమండల చేపలకే పరిమితం చేశాయి. కమోడ్‌లో వదలడం, నీళ్లలోంచి తీసి గట్టున పడెయ్యడం, వేడినీళ్లు పొయ్యడం గురించి వేరే చెప్పాలా!

ఇంట్లో చెయ్యగలిగినవాటిలో నమ్మదగింది లవంగ నూనె. అందులోని యూజినాల్ కొద్దిగా ఉంటే మత్తు, ఎక్కువగా ఉంటే శ్వాస ఆగిపోతుంది. లీటరుకు 50 మిల్లీగ్రాముల దగ్గర చేప ఒరిగిపోతుంది కానీ మంచినీళ్లలో వేస్తే మళ్లీ లేస్తుంది. ప్రాణం పోవాలంటే లీటరుకు కనీసం 400 మిల్లీగ్రాములు, అంటే సుమారు 0.4 మి.లీ. కావాలి. ఈ రెండు అంకెల మధ్య తేడా తెలియకే చాలామంది సగంలో ఆపేసి చేపను బతికుండగానే పాతిపెడుతుంటారు.

మీ చేపకు 3 లీటర్లు చాలు. మెడికల్ షాపుల్లో పంటినొప్పికి అమ్మే లవంగ నూనె సీసా చాలావరకు 2 మి.లీ. ఉంటుంది, రెండు కొనండి. లేబుల్ మీద లవంగ నూనె తప్ప ఇంకేమీ ఉండకూడదు. కర్పూరమో పుదీనా పువ్వో కలిసినవీ, జెల్‌లూ పనికిరావు. సూది లేని 2 మి.లీ. సిరంజి ఒకటి తీసుకోండి. చుక్కలు లెక్కపెట్టకండి, డ్రాపర్‌ను బట్టి చుక్క పరిమాణం మారిపోతుంది.

చేప ఇప్పుడున్న టబ్బు నీళ్లే 3 లీటర్లు వేరే గిన్నెలో తీసుకోండి. నీటి వేడి గానీ ఉప్పు గానీ మారితే అదో కొత్త బాధ. ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) సన్నగా పెట్టండి, వెలుతురు తగ్గించండి. చేపను నెట్‌తో కాకుండా మగ్గుతో ముంచి ఇందులోకి మార్చండి. లేచిన పొలుసులు నెట్‌లో చిక్కుకుంటాయి.

నూనె నీళ్లలో కలవదు. నేరుగా పోస్తే పైన తెట్టులా తేలుతుంది, చేప పైకొస్తే మొప్పలకు మందం పట్టి మండుతుంది. అందుకని చిన్న సీసాలో సగం దాకా గోరువెచ్చని టబ్బు నీళ్లు పోసి, 0.15 మి.లీ. నూనె వేసి, మూత బిగించి, పాలలా తెల్లబడేదాకా అర నిమిషం గట్టిగా కుదపండి. వెంటనే గిన్నెలో ఓ మూల నుంచి మెల్లగా పోస్తూ చేత్తో కలపండి. ఇది మత్తు మోతాదు. ఐదు పది నిమిషాల్లో చేప పక్కకు ఒరుగుతుంది. తోక మొదలును గట్టిగా నొక్కినా కదలకపోతే మత్తు ఎక్కినట్టు. పది నిమిషాలు దాటినా కదులుతుంటే ఇంకో 0.1 మి.లీ. అలాగే కుదిపి పొయ్యండి.

ఆ తర్వాతే పెద్ద మోతాదు: 1.5 మి.లీ. మళ్లీ కుదిపి పాలలా చేసి పొయ్యాలి. లెక్కకు 1.2 చాలు, కానీ కొంత సీసా గోడలకు అంటుకుంటుంది, పైగా గోల్డ్‌ఫిష్ మొండి చేప. మొదటే పెద్ద మోతాదు పోస్తే స్పృహలో ఉండగానే ఘాటుకు కొట్టుకుంటుంది, రెండు విడతలు అందుకే.

మొప్పలు చివరిసారి ఎప్పుడు ఆడాయో గడియారం చూసి రాసుకోండి. అక్కణ్నుంచి అరగంట తక్కువ కాకుండా, గోల్డ్‌ఫిష్ కాబట్టి గంట, అందులోనే ఉంచండి. మధ్యలో ఒక్కసారి మొప్ప ఆడినా గడియారం మళ్లీ మొదటినుంచి. చివర్లో చేపను నీళ్లలోనే మెల్లగా అటూ ఇటూ ఒరిగించి కన్ను చూడండి. బతికున్న చేప కన్ను ఒంటితోపాటు తిరగకుండా నిటారుగా ఉండటానికి ప్రయత్నిస్తుంది. పోయిన చేప కన్ను తలతోపాటే తిరుగుతుంది.

తొట్టి_కాకినాడ:

చాలా థాంక్స్ లవంగం గారూ. రెండు సందేహాలు. ఇంట్లో లవంగాలు మరిగించిన కషాయం వాడొచ్చా? ఎప్సమ్ సాల్ట్ మోతాదు పెంచి ఇంకోసారి చూడటంలో అర్థముందా?

లవంగం:

కషాయం వద్దు. అందులో యూజినాల్ ఎంత దిగిందో కొలవలేం. ఎంతుందో తెలియని మందుతో చేపకు మత్తు మాత్రమే ఎక్కి తెల్లారి లేచే ప్రమాదం ఉంది.

మొప్పలు:

ఎప్సమ్ సాల్ట్ నీటి వాపును కొంత లాగుతుంది గానీ చెడిన మూత్రపిండాన్ని బాగుచెయ్యదు. తింటున్న చేపకైతే మందు మేతలో కలిపి పెట్టడంలో అర్థముంది, ఎందుకంటే నీటిలో వేసే యాంటీబయాటిక్‌లు చాలావరకు ఒంట్లోకి సరిగ్గా దిగవు. మీది తినడమే మానేసింది. రెండో అభిప్రాయం కావాలంటే దగ్గర్లోని ఫిషరీ సైన్స్ కాలేజీలో చేపల రోగాల విభాగాన్ని అడగండి, నెల్లూరు దగ్గర ముత్తుకూరులో ఒకటుంది. పైనుంచి, పక్కనుంచి తీసిన వీడియో, నీటి పరీక్ష అంకెలు, వాడిన మందు పేరు, మోతాదు దగ్గర పెట్టుకోండి. కుక్కలు, పశువులు చూసే డాక్టర్లలో చేపల అనుభవం ఉన్నవాళ్లు తక్కువ.

గాజుతొట్టి:

చెరువు మాటకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి చెబుతున్నాను. జబ్బు చేపను చెరువులో వదిలితే దాని రోగం అక్కడి చేపలకు అంటే ప్రమాదం ఉంది, పైగా అది ఆకలితోనో కొంగ నోట్లోనో పోతుంది. ట్యాంకుల్లో పెరిగి పెద్దవై పారేసిన సక్కర్ చేపలు ఇవాళ మన చెరువుల్లో, కృష్ణలో వలలు చింపుతున్నాయి. జాలి పడి వదిలినా కూడా వదిలినట్టే.

తర్వాతి పని గురించి. చేపను పిల్లికీ కుక్కకీ వెయ్యకండి, ఒళ్లంతా లవంగ నూనె, మందులు ఉంటాయి. అడుగున్నర లోతు గొయ్యి తీసి పాతిపెట్టి పైన రాయి పెట్టండి, లేకపోతే పిల్లులు తవ్వుతాయి. అపార్ట్‌మెంట్ అయితే కాగితంలో చుట్టి, రెండు కవర్లలో కట్టి తడిచెత్త బండి వచ్చే రోజున ఇవ్వండి. ఆ గిన్నె, సీసా, సిరంజి మళ్లీ ట్యాంకు పనికి వాడొద్దు, ప్లాస్టిక్‌లో ఆ నూనె ఉండిపోతుంది. చేతికి గాట్లుంటే మొదటినుంచీ గ్లవుజులు వేసుకోండి. చేపల క్షయకు కారణమైన మైకోబాక్టీరియం మారినం గాయం గుండా మనుషులకూ అంటుతుంది. నూనె కంట్లో పడితే బాగా మండుతుంది, పిల్లలు దగ్గర లేకుండా చూసుకోండి.

పిల్లలకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పండి: జబ్బు తగ్గదని తెలిసింది, నొప్పి లేకుండా పోయేలా చేశాం. నదికి వెళ్లిపోయిందంటే ఎప్పుడొస్తుందని అడుగుతూనే ఉంటారు. అదే రోజు కొత్త చేప కొనొద్దు, ఆ తొందర పిల్లలకంటే పెద్దవాళ్లకే ఎక్కువ.

మిగిలిన ఒరాండాను రెండు వారాలు గమనించండి. డ్రాప్సీ సాధారణంగా అంటువ్యాధి కాదు, కానీ రెండూ తాగింది ఒకే నీళ్లు. వారానికి 30 శాతం నీళ్లు మారుస్తుంటే 40 చెయ్యండి, మేత సగం తగ్గించండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి నీళ్లలో కాకుండా ట్యాంకులోంచి తీసిన నీళ్లలో పిండండి.

రంగుచేప99:

ఈనో మాట వెనక్కి తీసుకుంటున్నా. 5 సెంటీమీటర్ల ఫైటర్ చేపకైతే ఎంత నీళ్లు, ఎంత నూనె?

లవంగం:

ఒక లీటరు నీళ్లు చాలు. మత్తుకు 0.05 మి.లీ., ఆ తర్వాత 0.5 మి.లీ. అంత తక్కువ కొలవడానికి 1 మి.లీ. ఇన్సులిన్ సిరంజి తీసుకోండి. అందులో 100 గీతలు ఉంటే ఐదు గీతలు అంటే 0.05. 40 యూనిట్ల సిరంజి అయితే రెండు గీతలు. సూది ఊడేదైతే తీసెయ్యండి, ఊడనిదైతే నూనెను ముందు చెంచాలో వేసుకుని పీల్చండి. ఫైటర్ చేప పైకొచ్చి నోటితో గాలి పీల్చుకోగలదు, కాబట్టి మొప్పలు ఆగినట్టున్నా తొందరపడి తియ్యకండి, ఒక గంట ఉంచండి.