1878 ఒంగోలు బాప్తిస్మం: పుట్టిన తేదీకి ఎందుకు పొసగడం లేదు?

ప్రశ్న (పెరంబూరు, చెన్నై)
మా ముత్తాతకు 1878 జూలైలో ఒంగోలు బాప్టిస్టు మిషన్‌లో బాప్తిస్మం అయినట్టు ఇంటి బైబిల్లో రాసి ఉంది. దాన్నే పుట్టిన ఏడుగా వేస్తే ఆయనకు మూడేళ్లకే, 1881లో పెద్దకొడుకు పుట్టినట్టు వస్తోంది. తప్పెక్కడ? కుటుంబం తర్వాత మద్రాసు వచ్చేసింది. ఇక్కడ ఏ పుస్తకాలు చూడాలి?

జవాబు 1
బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరండీ. విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచి ఇస్తారు. కాబట్టి ఆ తేదీని బట్టి పుట్టిన ఏడు తేలదు. పైగా 1878 సంగతి వేరు. సాయం కోసం మతం మారారన్న మాట రాకూడదని 1876-78 కరువు కాలంలో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశారు. ఆ రోజుల్లోనే బకింగ్‌హాం కాలువ తవ్వకం పని ఇప్పించి జనాన్ని ఆదుకున్నారు, మన చెన్నైలోంచి పోయే కాలువే అది. తర్వాత జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అంతమందిలో ఒకే పేరున్నవాళ్లు బోలెడుమంది ఉంటారు. తండ్రి పేరు, ఊరు రెండూ కలిస్తేనే మీవాళ్లని రాసుకోండి.

జవాబు 2
మద్రాసు వైపు నుంచి వెనక్కి వెళ్లండి, అదే తేలిక. ముందు బాప్తిస్మపు రిజిస్టరు కాదు, సంఘ సభ్యుల పుస్తకం అడగండి. ఊరు మారినవాళ్లు పాత సంఘం నుంచి ఉత్తరం తెచ్చుకుని చేరేవారు. ఆ పాత సంఘం పేరు దొరికితే సగం పని అయినట్టే. పిల్లల పేర్లు పుట్టిన ఏటి దగ్గర కనిపించవు, పన్నెండేళ్ల తర్వాతి నుంచి చూడాలి. పెళ్లి రిజిస్టరు మాత్రం వదలొద్దు. 1872 క్రైస్తవ వివాహ చట్టం నమూనాలో వయసు, వృత్తి, నివాసం, తండ్రి పేరు అన్నీ ఉంటాయి.

జవాబు 3
పేర్లు ఇంగ్లీషులో రాసి ఉంటే ఎల్లయ్యను ‘ఇ’ కిందా, ‘వై’ కిందా వెతకండి. వెంకయ్యను ‘వి’, ‘డబ్ల్యూ’ రెండింటిలోనూ చూడండి. బైబిలు పేరు పెట్టుకున్నవాళ్లు పాత పేరుతో దొరకరు.
మీ కుటుంబంలో ఒక కొమ్మ లండన్ మిషన్‌లోకో వెస్లియన్ (మెథడిస్టు) సంఘంలోకో వెళ్లి ఉంటే లెక్క మారుతుంది. అక్కడ శిశు బాప్తిస్మం ఉంది, తేదీ పుట్టుకకు దగ్గరగా ఉండొచ్చు. ఆ సంఘాలు 1947 సెప్టెంబరు 27న చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ)లో కలిశాయి, బాప్టిస్టులు కలవలేదు. లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని మద్రాసు చర్చి రిజిస్టర్ల నకళ్ల మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి, వాటిలో ఎక్కువమంది యూరోపియన్లు, ఆంగ్లో ఇండియన్లే.
అనుమతి తీసుకుని ఫొటో తీసేటప్పుడు ఒక్క వరుసే తీయకండి. గడుల శీర్షికలతో సహా పేజీ అంతా రావాలి. అదే ఊరి నుంచి అదే రోజు వచ్చిన అన్నదమ్ములు పై వరుసలోనో కింది వరుసలోనో ఉండొచ్చు.