ఉద్యోగం చేస్తూ లా అండ్ గవర్నమెంట్‌లో మాస్టర్స్: ఫైళ్ల పనికి పనికొస్తుందా?

ఫైళ్ల మధ్య:
పదకొండేళ్లుగా లైసెన్సుల విభాగంలో ఉన్నాను. పోయిన నెల నేను రాసిన తిరస్కరణ ఆర్డర్‌ని అప్పీల్లో కొట్టేశారు. "కారణాలు లేవు" అని ఒక్క ముక్క రాశారు, అంతే. ఎలా రాయాలో నాకెవరూ నేర్పలేదు. నాది కామర్స్ డిగ్రీ. సాయంత్రం క్లాసులుండే మాస్టర్స్ చేద్దామనుకుంటున్నా. ఇంట్లో "ఈ వయసులో లాయరవుతావా" అని నవ్వుతున్నారు. చేసినవాళ్లు చెప్పండి, ఆఫీసు పనికి నిజంగా ఉపయోగమా?

రాత్రి క్లాసు:
నేను చేశానండీ. ముందు లాయర్ సంగతి. ఎల్ఎల్ఎం, అంటే లా‌లో మాస్టర్స్, సాధారణంగా లా డిగ్రీ ఉన్నవాళ్లకి. మనలాంటివాళ్లకి మాస్టర్ ఆఫ్ లీగల్ స్టడీస్ లాంటివి వేరే ఉంటాయి. వాటితో కోర్టులో వాదించలేం. ఆ ఆశ ఉంటే ఫీజు కట్టకముందే వదిలేయండి.

ఉపయోగమంటే, నాకు ఒక్క కేసుతోనే కళ్లు తెరుచుకున్నాయి. రిడ్జ్ వర్సెస్ బాల్డ్విన్. ఇంగ్లండ్‌లో బ్రైటన్ పోలీసు అధిపతి రిడ్జ్‌ని 1958లో తీసేశారు. ఆరోపణలేంటో చెప్పలేదు, ఆయన మాట వినలేదు. ఆ తొలగింపు చెల్లదని 1963లో, అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఆ తీర్పు చదవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. పేజీల నిండా హైలైటర్ పూసేశా. మా మేడమ్ చూసి, "అంతా పసుపే అయితే ముఖ్యమైనది ఏదమ్మా?" అన్నారు. అప్పట్నుంచి మార్జిన్‌లో నాలుగే రాసేదాన్ని: ఏం జరిగింది, తేల్చాల్సిందేంటి, ఏం తేల్చారు, ఎందుకు. ఇప్పుడు ఆఫీసు నోట్ కూడా అదే వరుసలో వస్తోంది.

పాత నోట్‌బుక్:
నేను కొంచెం అడ్డం చెప్తా. ఆర్డర్లు బాగా రాయడమే కావాలంటే మొత్తం డిగ్రీ ఎందుకండీ? అడ్మినిస్ట్రేటివ్ లా, అంటే ప్రభుత్వ అధికారులు నిర్ణయాలు ఎలా తీసుకోవాలో చెప్పే చట్టం, ఆ ఒక్క పేపరు విడిగా చదవనిచ్చే చోటు చూడండి. నాకు రోజూ అక్కరకొచ్చేవి అదీ, చట్టాలకి అర్థం చెప్పే పేపరూ. మిగతావి ప్రమోషన్ కోసం చదివాననుకోండి. చేరేముందు క్లాసులు రికార్డ్ చేస్తారో లేదో అడగండి. ఆడిట్ టైంలో నాకు మూడు వారాల క్లాసులు పోయాయి, ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఫైళ్ల మధ్య:
ఇద్దరికీ థాంక్స్ అండీ. ముందు ఒక్క పేపరే చూస్తా. ఇందాక ఆ నాలుగు ప్రశ్నలూ పెట్టుకుని నా ఆర్డర్ మళ్లీ చదివా. "నిబంధనల ప్రకారం తిరస్కరించడమైనది" అని ఉంది. ఏ నిబంధనో నేనే ఫైలంతా తిరగేసి వెతుక్కోవాల్సొచ్చింది.