షాపు పార్కింగులో రాత్రి బండి ఆపుకుని పడుకుంటే తప్పా? గుంటూరు, బెజవాడ వాళ్ళు చెప్పండి

కాకినాడ_ట్రావెలర్:

అందరికీ నమస్తే. కిందటేడు సెకండ్ హ్యాండ్ ఫోర్స్ ట్రావెలర్ ఒకటి కొని, బెజవాడ ఆటోనగర్‌లో క్యాంపర్ వ్యాన్‌లా చేయించాం. మడత మంచాలు, వంద లీటర్ల నీళ్ళ ట్యాంకు, చిన్న సింకు, పోర్టబుల్ టాయిలెట్, పైన సోలార్ ప్యానెళ్ళు, 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అమ్మ. అరకు, లంబసింగి వైపు తిరిగినన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. చిక్కంతా ఊళ్ళోకి వచ్చాకే.

పోయిన నెల గుంటూరులో మా బాబాయి కూతురి పెళ్ళి. ముహూర్తాల రోజులు కదా, లాడ్జీల్లో ఒక్క రూమూ లేదు. మనకి బండి ఉందిగా అన్న ధీమాతో వెళ్ళాం. ఒక పెద్ద సూపర్ మార్కెట్ (పేరెందుకులెండి) ముందు బోలెడంత ఖాళీ జాగా కనిపించింది. రాత్రి తొమ్మిదింటికి లోపలికెళ్ళి పాలు, బ్రెడ్డు, దోమల కాయిల్స్, పిల్లల చిరుతిళ్ళు కలిపి ఎనిమిది వందల సరుకు కొని, గేటు దగ్గర సెక్యూరిటీ అబ్బాయిని అడిగితే "ఆ మూల పెట్టుకోండి సార్" అన్నాడు. హాయిగా పడుకున్నాం. ఒంటిగంటకి రేకు మీద లాఠీతో దబదబా కొట్టారు. అమ్మ బీపీ మనిషి, ఉలిక్కిపడి లేచి కూర్చుంది. చూస్తే డ్యూటీ మారింది, కొత్తగా వచ్చినాయనకి మా సంగతి ఎవరూ చెప్పలేదు. బిల్లు చూపించినా వినలేదు, ఈ క్షణం తీసేయమన్నాడు. నిద్రకళ్ళతో హైవే ఎక్కి ఒక పెట్రోలు బంకులో లారీల మధ్య తెల్లారేదాకా కూర్చున్నాం. పెళ్ళిలో నేను కునికిపాట్లు పడుతున్న ఫొటోలు ఇంకా ఫ్యామిలీ గ్రూపులో తిరుగుతున్నాయి.

అమెరికాలో వాల్‌మార్ట్ ముందు ఇంతకు మూడింతల బళ్ళు పెట్టుకుని దర్జాగా పడుకుంటున్నట్టు వీడియోల్లో చూస్తాం. మన దగ్గర ఎందుకు కుదరదు? ఆషాఢంలో మళ్ళీ వస్తున్నాం, విజయవాడలో మూడు రాత్రులు. అమ్మకి దుర్గమ్మ దర్శనం, తర్వాత ఉండవల్లి, కొండపల్లి. ఎక్కడ ఆపుకోవాలో తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.


అరండల్‌పేట_అబ్బాయి:

పెళ్ళికి వచ్చి, పెళ్ళి జరిగే ఫంక్షన్ హాలు వదిలేసి, షాపు ముందు పడుకున్నారా అన్నా? మీ బాబాయికి తెలిస్తే అలగడూ?

పోనీ అదీ బాగానే ఉందనుకోండి. మా పెదనాన్న ఒకసారి ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ పక్కన కారు ఆపి పడుకున్నాడు, మార్చి నెల, మిర్చి సీజన్. గంటలో తుమ్ములు, దగ్గులు, కళ్ళమ్మట నీళ్ళు. గుంటూరులో ఎక్కడైనా ఆపండి గానీ గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకుని ఆపండి.


డాలస్_తెనాలి:

ట్రావెలర్ గారూ, వాల్‌మార్ట్ ముందు నేను నాలుగైదు రాత్రులు పడుకున్నాను కాబట్టి ఆ వీడియోల్లో చూపించనిది చెప్తాను. రెండేళ్ళ క్రితం ఎల్లోస్టోన్ వెళ్ళడానికి రెండు కుటుంబాలం కలిసి 25 అడుగుల మోటార్‌హోమ్ అద్దెకి తీసుకున్నాం.

ముందుగా, అది హక్కు కాదు. వాల్‌మార్ట్ కంపెనీ చెప్పేది, జాగా ఉంటే మా పార్కింగులో ఆర్వీలు (మోటార్‌హోమ్‌లాంటి బళ్ళు) ఆపుకోవచ్చు, కానీ ఒప్పుకోవాలో వద్దో ఆ స్టోర్ మేనేజర్ ఇష్టం, ఆ ఊరి చట్టం ఇష్టం అని. చాలా ఊళ్ళలో రాత్రిపూట బండిలో పడుకోకూడదని లోకల్ చట్టమే ఉంటుంది, అక్కడ మేనేజర్ సరేనన్నా పోలీసులు లేపుతారు. అందుకే తెలిసినవాళ్ళు సాయంత్రమే స్టోర్‌కి ఫోన్ చేసి అడుగుతారు. దీపస్తంభాలకి ఓవర్‌నైట్ పార్కింగ్ వద్దని బోర్డు ఉందేమో కూడా చూస్తారు. కరెంటు, నీళ్ళు ఏమీ ఇవ్వరు. కరోనాకి ముందు చాలా స్టోర్లు 24 గంటలూ తెరిచి ఉండేవి కాబట్టి బాత్రూమ్ బాధ లేదు. ఇప్పుడు ఎక్కువ చోట్ల రాత్రి 11కి మూసి పొద్దున్న 6కి తెరుస్తున్నారు, మధ్యలో మీ బండిలో ఉన్నదే దిక్కు.

రెండోది, అక్కడ పడుకోవచ్చు గానీ మకాం పెట్టకూడదు. ఈ తేడా అక్కడ అందరికీ తెలుసు. కుర్చీలు బయట వేయకూడదు, పక్క పందిరి దించకూడదు, పొయ్యి వెలిగించకూడదు, జాకీలు దించి తారు గుంటలు పడేలా చేయకూడదు, దూరంగా ఓ మూలన ఆపుకోవాలి, ఒక్క రాత్రి ఉండి తెల్లారి వెళ్ళిపోవాలి. లోపల నాలుగు సరుకులు కొనడం మర్యాద. చెత్త వదిలేసి, మురుగు నీళ్ళు అక్కడే వదిలి పోయిన మహానుభావుల వల్లే చాలా స్టోర్లలో మానేశారని పాతవాళ్ళు తిడుతుంటారు.

నిద్ర కూడా మీరనుకున్నంత దర్జాగా ఉండదండీ. ఒక ఊళ్ళో రాత్రి మూడింటికి పార్కింగ్ ఊడ్చే మిషను వచ్చింది, పచ్చలైటు తిప్పుకుంటూ మా బండి చుట్టూ మూడు ప్రదక్షిణాలు చేసింది. ఇంకోచోట ఫ్రీజర్ లారీ పక్కనే ఆగి తెల్లార్లూ గుర్రుమంటూనే ఉంది. మా బండి జనరేటర్ కూడా బండి నడిచే పెట్రోలు ట్యాంకు నుంచే తాగుతుంది, ట్యాంకు పావుకి వచ్చేసరికి దానంతటదే ఆగిపోతుంది, మనం దారిలో చిక్కుకోకుండా అలా పెట్టారట. ఆ సంగతి మాకు తెలిసేసరికి తెల్లవారుజామున నాలుగు, బయట చలి.

హైవే పక్క రెస్ట్ ఏరియాలు వేరే కథ. టెక్సస్‌లో 24 గంటలు ఉండొచ్చు, కాలిఫోర్నియాలో 8 గంటలు, ఫ్లోరిడాలో 3 గంటలే. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క.

మన దగ్గర ఎందుకు లేదంటే నాకు తోచిన కారణం జాగా. అక్కడి ఊళ్ళలో ఇన్ని చదరపు అడుగుల షాపు కడితే ఇన్ని కార్లకి చోటు చూపించి తీరాలని రూల్స్ పెట్టారు, ఆ స్థలం రాత్రిళ్ళు ఊరికే పడుంటుంది. బందరు రోడ్డు మీద గజం ఖరీదు చూసినవాడెవడూ అంత స్థలం ఖాళీగా వదలడు, బేస్‌మెంట్ తవ్వుతాడు. మీ తొమ్మిదడుగుల ఎత్తు బండి ఆ ర్యాంపు దగ్గర ఇనుప బారు కిందే ఆగిపోతుంది.

అన్నట్టు గుంటూరు, విజయవాడల్లో మనవాళ్ళు వాల్‌మార్ట్ అనేది బెస్ట్ ప్రైస్ హోల్‌సేల్ స్టోర్లని. అవి 2020లో ఫ్లిప్‌కార్ట్ చేతికి వెళ్ళాయి. కిరాణా షాపులవాళ్ళకి కార్డు మీద అమ్మే చోట్లు అవి, అక్కడికెళ్ళి "అమెరికాలో ఒప్పుకుంటారు కదా" అని వాదన పెట్టుకోకండి. మా బావమరిది పెట్టుకున్నాడు.


నైట్‌డ్యూటీ_బెజవాడ:

సార్, నేను ఆరేళ్ళు ఒక షాపింగ్ కాంప్లెక్సులో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేశాను. మీ బాధ అర్థమైంది గానీ తప్పు రెండో ఆయనది కాదు, మొదటి అబ్బాయిది. అతనికి ఆ మాట ఇచ్చే అధికారమే లేదు. గార్డులందరూ ఏజెన్సీ మనుషులు, పన్నెండు గంటల డ్యూటీ. డ్యూటీ మారేటప్పుడు లోపల ఏ బళ్ళున్నాయో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టి అప్పజెప్తారు. అందులో లేని బండి లోపల కనిపిస్తే, అందునా కర్టెన్లు వేసి మనుషులు పడుకున్న బండి, పొద్దున్న కెమెరాలో మేనేజర్ చూస్తే ఆయన ఉద్యోగం పోతుంది. మీ బండిలోంచి రేపు బ్యాటరీ పోయిందని మీరే కంప్లైంటు ఇస్తే అదీ ఆయన మెడకే.

ఇంకో సంగతి, బయటివాళ్ళకి తెలియదు. పగలు పెద్ద లారీలని ఊళ్ళోకి రానివ్వరు కాబట్టి సరుకు దిగేది రాత్రే. మీకు ఖాళీగా కనిపించిన ఆ మూల రెండు గంటలకి లారీ తిరిగే చోటు అయ్యుంటుంది. డ్రైవరు రివర్సులో వస్తాడు, వెనక చీకట్లో ట్రావెలర్‌లో పిల్లలున్నారని వాడికేం తెలుసు? ఒంటిగంటకి లేపడం ఒకందుకు మంచిదే అయింది.

అడగాలంటే స్టోర్ మేనేజర్‌నే అడగండి, ఏడెనిమిది గంటల లోపు, రద్దీ లేనప్పుడు. కుటుంబం అంతా ఉన్నామని చెప్పి అమ్మగారిని చూపించండి, ఆర్‌సీ జిరాక్సు, ఆధార్ జిరాక్సు, ఫోన్ నంబరు ఇవ్వండి, రిజిస్టర్లో రాయించండి. పదిమందిలో ఒకరు ఒప్పుకుంటారేమో. కాదంటే కాదు, అంతే. గార్డు చేతిలో రెండొందలు మాత్రం పెట్టకండి, మీరు పొద్దున్నే వెళ్ళిపోతారు, ఆ నోటు సంగతి బయటపడితే పోయేది అతను.


ఆటోనగర్_బాడీబిల్డర్:

బాబూ ట్రావెలరూ, పేరు చూసి కంగారు పడకు, నేను కట్టేది లారీ బాడీలు. ముప్పయ్యేళ్ళుగా ఇక్కడే షెడ్డు.

నువ్వు ఏసీ సంగతి రాయలేదు, అది చెప్పకుండా ఉండలేను. ఆషాఢంలో మా బెజవాడలో వాన పడిందంటే ఉక్క మామూలుగా ఉండదు, పిల్లలు ఏడుస్తారు, అప్పుడు నీకు ఇంజను ఆన్ చేసి ఏసీ వేసుకుందామని బుద్ధి పుడుతుంది. వద్దు. బండి ఆగి ఉండగా సైలెన్సర్ పొగ కిందే తిరిగి సందుల్లోంచి లోపలికి వస్తుంది, గోడ పక్కన ఆపితే మరీను. అందులో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బ్యాటరీ మీద వేస్తానంటావా, నీ 200 ఏహెచ్ అంటే రెండున్నర యూనిట్లు, ఒక టన్ను ఏసీ గంటకి దగ్గర దగ్గర యూనిట్ తాగేస్తుంది, లెక్క నువ్వే చూసుకో. రెండు డీసీ ఫ్యాన్లు పెట్టించు, ఒకటి గాలి లోపలికి, ఒకటి బయటికి. కిటికీలకి దోమల మెష్ కొట్టించు. మూసిన బండిలో కాయిల్ వెలిగించకు, అమ్మగారి ఊపిరితిత్తులు పాడవుతాయి. మార్పులు చేయించినవి ఆర్టీవో దగ్గర ఆర్‌సీలో ఎక్కించారా? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అదే చెప్తుంది. ఎక్కించకపోతే యాక్సిడెంట్ అయిన రోజు ఇన్సూరెన్స్ వాడికి అదొక సాకు.

ఇక చోటు. షాపులు వదిలెయ్. ఆషాఢం అంటున్నావు కదా, పెళ్ళిళ్ళు ఉండవు, ఫంక్షన్ హాళ్ళన్నీ ఈగలు తోలుకుంటుంటాయి. పెద్ద కాంపౌండు, గేటు, వాచ్‌మన్ సంసారం, నీళ్ళు, బాత్రూములు, కరెంటు ప్లగ్గు. ఊళ్ళోవి కాదు, తాడేపల్లి, మంగళగిరి వైపువి చూడు, ఉండవల్లి పక్కనే. మేనేజర్‌కి ఫోన్ చేసి రాత్రికి ఇంత అని మాట్లాడుకుంటే సంతోషంగా ఇస్తారు. మా కస్టమర్లు ఇద్దరు ముగ్గురు అలాగే చేస్తారు. హాలు కుదరకపోతే హైవే మీద లారీలు ఆగే పెద్ద బంకు, కాకపోతే లారీల వరసలో కాకుండా ఆఫీసు గదికి ఎదురుగా, లైటు కింద. రోడ్డు అంచున మాత్రం ఆపకు, నిద్ర మత్తులో వచ్చే లారీకి నీ పార్కింగ్ లైటు ముందెళ్ళే బండి లైటులా కనపడుతుంది, అలాంటి బళ్ళు మా షెడ్డుకి వస్తాయి, లోపల చూడలేం.

ఇంకోటి, వాన ఉంటే పల్లంలో ఆపకు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక మా వీధిలోకి వచ్చిన బళ్ళు చూసుంటే తెలిసేది. సీట్లు పిండితే బురద నీళ్ళు కారేవి. దుర్గమ్మ కొండ దగ్గరంటావా, ఆషాఢంలో శాకంబరీ ఉత్సవాలుంటాయి, ఆ మూడు రోజులూ మనుషులకే జాగా ఉండదు, తేదీలు చూసుకుని రా.


కాకినాడ_ట్రావెలర్:

బాడీబిల్డర్ గారూ, ఆర్‌సీ ఎక్కించలేదండీ. ఈ వారమే ఆ పని చూస్తాను. నైట్‌డ్యూటీ గారూ, లారీ తిరిగే చోటు అనే ఆలోచనే నాకు రాలేదు, మా ఆవిడ చదివి రెండుసార్లు నా వంక చూసింది.

అరండల్‌పేట తమ్ముడూ, ఆ ఫంక్షన్ హాలు మీ పేటలోనే, సందులో ఉంది. ట్రావెలర్ తిప్పబోతే అటు అరుగు, ఇటు కరెంటు స్తంభం. పైగా జనరేటర్ పక్కనే బ్యాండు మేళం వాళ్ళు పడుకున్నారు.


కాకినాడ_ట్రావెలర్ (ఆషాఢం అయ్యాక):

వెళ్ళొచ్చాం, అందుకే మళ్ళీ రాస్తున్నా. మంగళగిరి వైపు ఒక ఫంక్షన్ హాలు, మేనేజర్‌తో ముందు రోజే ఫోన్‌లో మాట్లాడాను. రాత్రికి ఐదొందలు, కరెంటుకి వంద అదనం. వంట బండి బయట చేయకూడదని ఒకటే షరతు, సిలిండర్ అసలు దించలేదు. మొదటి రాత్రి పదకొండింటికి టార్చి లైటు కిటికీ మీద పడేసరికి అందరం బిగుసుకుపోయాం. చూస్తే వాచ్‌మన్ భార్య, వాన వచ్చేలా ఉంది, మా బట్టలు తాడు మీదే ఉన్నాయని చెప్పడానికి వచ్చిందావిడ.

ఉండవల్లి గుహలో, కొండని తొలిచి చెక్కిన అనంతశయనుడు అంత పొడుగునా పడుకుని ఉంటాడు కదా, అమ్మ చాలాసేపు చూసి "ఈయన్నయితే ఎవరూ ఒంటిగంటకి లేపరు" అంది.


అరండల్‌పేట_అబ్బాయి:

హాలు పేరు మెసేజ్ పెట్టన్నా, కార్తీకంలో మేమూ బయల్దేరుతున్నాం.


ఆటోనగర్_బాడీబిల్డర్:

కార్తీకంలో ముహూర్తాలుంటాయిరా అబ్బాయ్, హాలు దొరకదు. ఆర్‌సీ సంగతి ఏమైంది ట్రావెలరూ?