చెరువు శిఖాల్లో తీతువు గూళ్ళ లెక్క: ఎవరెలా చేస్తున్నారు?

శిఖం_సైకిల్ (నల్లగొండ)
అందరికీ నమస్తే. ఐదేళ్ళుగా జనవరిలో నీటిపక్షుల లెక్కకు పోతున్నా. అప్పుడు కట్ట మీద ఎక్కడ చూసినా కెమెరాలే. వలస పిట్టలు వెళ్ళిపోగానే మనమూ ఇళ్ళకు చేరిపోతాం. ఇక్కడే ఉండి ఇక్కడే గుడ్లు పెట్టే తీతువులు, చితవలు (పసుపు తిత్తి ఉండే తీతువు జాతి), పొడుగు కాళ్ళ స్టిల్ట్‌లు మాత్రం అసలు పని ఎండల్లోనే మొదలుపెడతాయి. వాటి వైపు చూసేవాళ్ళు లేరు. అందుకే ఈసారి ఏప్రిల్ నుంచి మృగశిర కార్తె దాకా మా మండలంలో నాలుగు చెరువుల శిఖాలూ (నీళ్ళు తగ్గాక బయటపడే చెరువు లోపలి నేల), పక్కన బీళ్ళూ నడుద్దామని ముగ్గురం అనుకున్నాం.

ఒక భయం ఉంది. నిరుడు ఒక్కడినే పోయాను. పదకొండు గంటల ఎండలో ఒక తీతువు గూడు దొరికింది. ఫొటో కోసం పది నిమిషాలు అక్కడే నిలబడ్డా. పిట్ట నెత్తి మీద తిరుగుతూ అరుస్తూనే ఉంది. వారం తర్వాత పోతే నాలుగు గుడ్లూ అట్లనే ఉన్నాయి, పిట్ట లేదు. నా వల్లే జరిగిందా? ఎంత దూరంలో ఉండాలి, ఎప్పుడు పోవాలి, అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బీడునేల (అనంతపురం)
తమ్ముడూ, అయ్యుండచ్చు. మొదట్లో నేనూ ఇదే తప్పు చేశాను.

మే నెలలో తల్లి గుడ్ల మీద కూర్చునేది చాలావరకు నీడ ఇవ్వడానికే. మధ్యాహ్నం మా పక్క రాతినేల యాభై డిగ్రీలు దాటి కాలుతుంటుంది. ఆ నేల మీద గుంటలో నాలుగు గులకరాళ్ళు పేర్చుకుని గుడ్లు పెట్టిన పిట్ట లేచి పక్కకు పోతే, గుడ్లకు ఏ అడ్డమూ ఉండదు. ఒక మధ్యాహ్నం కుంట గట్టు మీద తుమ్మచెట్టు కింద కూర్చుని చూశాను. తీతువు నీళ్ళ దాకా పరిగెత్తి, పొట్ట ఈకలు బాగా తడుపుకుని, గూటికొచ్చి గుడ్ల మీద కూర్చుంది. కాసేపటికి జోడు పిట్ట వచ్చి కూర్చుంటే ఇది మళ్ళీ నీళ్ళకు పోయింది. దాదాపు నెల రోజులు రెండూ వంతులేసుకుని పొదగాలి. అలాంటి పిట్టను మనం పది నిమిషాలు లేపి ఉంచామంటే ఏం జరుగుతుందో ఆలోచించు.

నా పద్ధతి ఇది. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా, లేదంటే సాయంత్రం ఐదు దాటాక. ముందు దూరంగా ఒక చోట కూర్చుని బైనాక్యులర్స్‌తో నేలంతా మెల్లగా వెతుకుతాను. కూర్చున్న పిట్ట కనబడితే చాలు, అది గూడే అని రాసుకుంటాను, దగ్గరికి పోను. గుడ్లు ఎన్నో తెలియాలంటే ఒకే ఒక్కసారి పోతాను, రెండు నిమిషాల్లో వెనక్కి. గూటి పక్కన జెండా, పుల్ల లాంటివి పాతొద్దు. మనం ఎక్కడ ఆగుతామో కాకులు కనిపెడుతుంటాయి. ఊరి కుక్క వెంటబడితే ఆ రోజు ఆ వైపు పోవద్దు. గుడ్డు ముట్టుకోనే వద్దు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద అడవి పిట్టల గుడ్లు తీసినా, పాడుచేసినా నేరమే.

గొర్లమంద (పాలమూరు)
నేను సర్వేలు చేసేటోన్ని కాదన్నా. మా నాయిన గొర్లు కాస్తడు, చిన్నప్పుడు నేను గూడా ఎంట పోయేటోన్ని. తీతువు గొంతు ఇనే నేర్చుకున్న. మనిషొస్తే ఒక తీరు ఒర్లుతది, కుక్కొస్తే ఇంకో తీరు. గొర్లు గూటి మీదికే పోతే ఎగురది, రెక్కలు ఇప్పుకొని మంద ముంగట నిలబడ్తది. గొర్రె అంత పెద్ద జీవం పక్కకు మళ్ళుతది!

ఒర్లే పిట్ట యెనక పోకుర్రి. గది మిమ్మల్ని దూరం తీస్కపోతది. సప్పుడు జేయకుండ తల వంచుకొని నడిచే రెండో దాన్ని సూడుర్రి. చితవ అయితే ఇంకా గట్టిది, నోరు తెరవదు, గూటికాడికెళ్ళి లేచి మెల్లగ నడుసుకుంట పోయి ఆడెక్కడ్నో నిలబడ్తది. మీరు ఎనక్కి జరిగి కూసుంటె గదే ఎనక్కొస్తది.

ఇంకొక ముచ్చట. మా దిక్కు తీతువు ఒర్లితే చావు కబురొస్తదంటరు, పోరగాండ్లు రాళ్ళేస్తరు. మీరు ఊర్లకు పోయినప్పుడు ముసలోల్లతోని కూసొని మాట్లాడుర్రి. అది పిల్లల కోసం ఒర్లుతదని మా నాయిన చెప్తే మా ఊర్ల కొంతమంది ఇన్నరు.

కడప_కొండలు
పైన తమ్ముడు చెప్పిన మాటకు నాదో చిన్న తోడు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే అరుదైన పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి పక్క చిట్టడవిలో దొరికింది. శాస్త్రవేత్తలు వెతుకుతూ వచ్చిన మాట నిజమే. రాత్రి పూట దీపం వెలుతురులో దాన్ని పట్టింది మాత్రం ఆ ఊరి వేటగాడు. కాపరిని అడగకుండా సర్వే మొదలుపెట్టకండి.

లెక్కల_పంతులు (హైదరాబాద్)
గూళ్ళు దొరికాక లెక్క ఎలా వేస్తారో ఇప్పుడే తేల్చుకోండి, లేకపోతే మూడు నెలల శ్రమ తప్పు దారి పడుతుంది. చాలామంది "పది గూళ్ళు చూశాం, ఆరింటిలో పిల్లలొచ్చాయి, కాబట్టి అరవై శాతం" అని రాస్తారు. గుడ్లు పెట్టిన రెండో రోజే పాడైన గూడు మీ కంట పడనే పడదు. మీరు చూసేవి అప్పటికే కొన్నాళ్ళు గట్టెక్కినవి. అందుకే ఫలితం ఎప్పుడూ ఉన్నదానికంటే బాగా కనబడుతుంది.

1961లో హెరాల్డ్ మేఫీల్డ్ అనే అమెరికా పక్షి పరిశీలకుడు దీనికి దారి చూపించాడు. గూళ్ళను కాక, గూడు మీ కంటి ముందు ఉన్న రోజులను లెక్కపెట్టాలి. ఆ పది గూళ్ళనూ కలిపి 120 రోజులు గమనించారనుకోండి, నాలుగు పోయాయి. అంటే రోజుకు ముప్పైలో ఒక వంతు ప్రమాదం. 28 రోజులు పొదగాలి కాబట్టి ఒక రోజు గట్టెక్కే అవకాశాన్ని, అంటే ముప్పైలో ఇరవైతొమ్మిదిని, 28 సార్లు గుణిస్తే దాదాపు 39 శాతం వస్తుంది. అరవై ఎక్కడ, ముప్పైతొమ్మిది ఎక్కడ! అందుకని గూడు దొరికిన తేదీ, ప్రతిసారీ చూసిన తేదీ, చివరిసారి బాగున్న తేదీ తప్పకుండా రాయండి. ఏమీ దొరకని రోజు కూడా ఎంతసేపు నడిచారో రాయండి.

లంకల_పడవ (గోదావరి)
మా వైపు ఇసుక తిన్నెల మీద నది రేవుపిట్టలు (రివర్ టెర్న్‌లు), చిన్న ప్రాటిన్‌కోల్‌లు అనే పిట్టలు గుంపుగా గుడ్లు పెడతాయి. తిన్నె మధ్యలో నడవకండి, ఇసుకకూ గుడ్డుకూ తేడా తెలియదు. నీటి అంచునే నడవండి. పైన నీళ్ళు వదిలితే ఒక్క రాత్రిలో అన్నీ పోతాయి, నేను చూశాను. ఇసుక ట్రాక్టర్ల దారి ఎటు పడుతోందో కూడా రాసుకోండి.

బీడునేల (అనంతపురం)
ట్రాక్టర్ అంటే గుర్తొచ్చింది. ముఖ్యమైన మాట మరిచాను. మా పక్క గూళ్ళను ఎక్కువగా తీసేది నక్కా కాదు, కాకీ కాదు. తొలి వాన పడగానే దున్నే దుక్కి. మీ శిఖాల్లో అయితే పూడికతీత. రెండూ సరిగ్గా గుడ్ల కాలంలోనే. నేను ప్రతి ఏడూ ఏప్రిల్‌లోనే ట్రాక్టర్ నడిపేవాళ్ళ ఫోన్ నంబర్లు తీసుకుంటాను. "నాయనా, దున్నే ముందర ఒక్క ఫోన్ చెయ్" అంటాను. చేస్తారు. ఒకాయన గూటి చుట్టూ మంచమంత నేల వదిలి దున్నాడు. మళ్ళీ వారం నేను పోయేసరికి పిల్లలు చాళ్ళలో పరిగెడుతున్నాయి. ఈకలు ఆరిన కొద్దిసేపటికే గూడు వదిలి నడిచే పిల్లలు కదా, వాటికి ఆ నాలుగు రోజుల గడువే కావాలి.

శిఖం_సైకిల్ (నల్లగొండ)
అక్కా, అన్నలూ, అందరికీ దండాలు. నిన్న పొద్దున ఆరింటికి మొదటి చెరువుకు పోయొచ్చాం. కట్ట మీద కూర్చునే రెండు తీతువు గూళ్ళు చూశాం. మూడోది కాపరి తాత చూపించాడు, చితవది, మేము ఎన్నడూ పోని గుట్ట పక్క చెలకలో. ఒక్కసారి పోయి గుడ్లు చూసి వచ్చేశాం. నాలుగు, మొనలన్నీ లోపలికి. మొదటి గూడున్న చోటే వచ్చే సోమవారం పూడిక తీస్తారట. సర్పంచిని అడిగితే, మట్టి తవ్వడం అవతలి ఒడ్డు నుంచి మొదలుపెట్టిస్తానన్నాడు. మిషన్ నడిపే తమ్ముడి నంబర్ తీసుకున్నా. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి, సోమవారం ఐదున్నరకే అక్కడ ఉంటా.