‘రోగ్‌లైక్’ అనకుండా తెలుగులో ఎలా చెప్పాలి?

అందరికీ నమస్కారం. మాది వైజాగ్, గాజువాక. తెలుగులో గేమ్ రివ్యూలు చెబుతుంటాను. మొన్న ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ తింటూ మా పిన్ని కొడుక్కి ‘హేడిస్’ అనే వీడియో గేమ్ గురించి చెప్పాను. “రోగ్‌లైక్ రా, గేమ్‌ప్లే లూప్ అదిరింది, చాలా ఇమ్మర్సివ్!” వాడు నమలడం ఆపి, “సరే అన్నయ్యా, ఇంతకీ అందులో ఏం చేస్తాం?” అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చి నా పాత రివ్యూ ఒకటి విన్నాను. ‘ఇమ్మర్సివ్’ ఆరుసార్లు వచ్చింది.

రోగ్‌లైక్ అంటే 1980 నాటి ‘రోగ్’ అనే ఆట లాంటిదని. ఆ ఆట ఎరగనివాళ్ళకి ఆ పేరేం చెబుతుంది? “చచ్చినప్పుడల్లా, వైకుంఠపాళిలో పెద్దపాము మింగేసినట్టు కిందికొస్తావు, ఈలోగా పటం కూడా మారిపోతుంది” అంటే వాడికి ఇట్టే అర్థమైంది. ‘సోల్స్‌లైక్’ మరీనూ. 2009లో ‘డీమన్స్ సోల్స్’తో మొదలైన కష్టమైన ఆటల వరసకి ఆ పేరు తగినదే. కాస్త కష్టంగా ఉన్న ప్రతి ఆటకీ అదే తగిలించడం మాత్రం నాకు నచ్చదు.

నాకు ముఖ్యంగా ‘మెట్రాయిడ్‌వేనియా’ దగ్గర సాయం కావాలి. ‘మెట్రాయిడ్’, ‘క్యాసిల్‌వేనియా’ అనే రెండు ఆటల పేర్లు అతికించిన మాట అది. కొత్త శక్తి దొరికాక, ఇందాక తెరుచుకోని తలుపు దగ్గరికి మళ్ళీ వెళ్ళే ఆటలు. దీన్ని ఒక్క ముక్కలో ఎలా చెప్పాలి? ఇమ్మర్సివ్‌కి ‘లీనమైపోయాను’ అంటే మరీ గ్రాంథికంగా ఉందా? మీ ఇంట్లో తమ్ముళ్ళకి చెప్పేటప్పుడు ఏమంటారో రాయండి.