శోథా, శోధా? అమరం పాదం ఒకటి అందించండి

పాలకొల్లు పిల్ల: మా పిన్నికి తకయాసు అని తేల్చారు, అంటే గుండె నుంచి వెళ్లే పెద్ద రక్తనాళాల గోడలు వాచే జబ్బు. ఎడమ చేతిలో నాడి అందట్లేదు, రెండు చేతులకీ బీపీ వేరు వేరు. రిపోర్టు తెలుగులో రాసిమ్మంది. ‘రక్తనాళ శో...’ దగ్గర పెన్ను ఆగింది. థ నా, ధ నా? మా తాతగారు అమరకోశంలోంచి, అదే ఆ సంస్కృత పర్యాయపదాల నిఘంటువులోంచి, ‘శోఫస్తు శ్వయథుః’ అని ఏదో వల్లించేవారు, తర్వాతది నోటికి రావట్లేదు.

తెనాలి తాత: ‘శోథః’. థకారమే. శ్వయథులో థు చూడలేదూ? రెండూ ఉబ్బడమనే ధాతువు బిడ్డలే. పొట్టలో చుక్క మరిచారా, వాపు కాస్తా పరిశోధనైపోతుంది.

వరంగల్ మాస్టారు: చుక్క సరే, శోథ అంటే పిన్నిగారికేం తెలుస్తుంది? వాపు అనండి.

డాక్టరమ్మ: వాపంటే ఆవిడ చెయ్యి తడుముకుంటారు. ఇక్కడ వాచేది నాళం గోడ. అది మందమై లోపలి దారి ఇరుకవుతుంది, నాడి అందనిది అందుకే. ఒక్కోసారి గోడే నీరసించి బుడగ కడుతుంది. ఇదే కోవలోని కవాసాకి జబ్బు వచ్చిన పసిపిల్లల గుండె నాళాల్లో మా భయం దానికే.

తెనాలి తాత: వాపు చూసి బలుపనుకోవడమంటే ఇదే. బలుపంటే ఒంటి పుష్టి, పొగరు కాదు.

వరంగల్ మాస్టారు: మా దిక్కు పొగరే! అసలు ‘నాళ’ ఎందుకు, డ-ళలకు భేదం లేదు కదా, ‘రక్తనాడి’ అనొచ్చు.

డాక్టరమ్మ: మీకు లేదేమో, మాకుంది. నాడీ మండలమంటే నరాలు. మళ్లీ సెలైన్ పెట్టే నర్సు ‘నరం దొరకట్లేదు’ అంటే అది సిర!

పాలకొల్లు పిల్ల: ఎందుకొస్తుందని రాయను?

డాక్టరమ్మ: తకయాసుకి కచ్చితమైన కారణం తెలీదు. రక్షణ కణాలే సొంత నాళాల మీద పడతాయి. ఇలాంటి నాళ శోథ జబ్బుల్లోనే వేరే కొన్నిటికి హెపటైటిస్ బి, కొన్ని మందులు కారణం. చేతులు, కాళ్ల నాళాలు మూసుకుపోయే బర్జర్ జబ్బుకి పొగాకు. కణత నాళాలు వాచే ఇంకో జబ్బుంది: యాభై దాటినవాళ్లకి కొత్తగా కణతల నొప్పి, నమిలితే దవడ నొప్పి వస్తే ఆగకూడదు, చూపు పోవచ్చు. బయాప్సీ రిపోర్టు కోసం చూడకుండా స్టెరాయిడ్ మొదలుపెడతాం. అన్నట్టు, 1908లో పిన్నిగారి జబ్బుని చెప్పిన తకయాసు కంటి డాక్టరే.

తెనాలి తాత: సొంత కణాలే అంటే బద్దెన చలిచీమలు గుర్తొచ్చాయి. ‘బలవంతమైన సర్పము’ పద్యం.

వరంగల్ మాస్టారు: అక్కడ పాముకి చీమలు పరాయివి, పోలిక కుదర్లేదు. ఇంతకీ చలిచీమలో చలి ఏమిటి?

తెనాలి తాత: చలికాలంలో బారులు తీరతాయని.

వరంగల్ మాస్టారు: మా ఇంట్లో మే నెలలో చక్కెర డబ్బా నిండా అవే.

పాలకొల్లు పిల్ల: తాతగారూ, ‘శోథః’ తర్వాత?

తెనాలి తాత: ‘పాదస్ఫోటో విపాదికా’. కాలి పగుళ్లు. పిన్నికి అది రాయకు.